టికెట్టు పక్కన 45 పైసలు: ప్రయాణ బీమా నడిచొచ్చిన దారి

రైలు టికెట్టు ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు, డబ్బు కట్టే ముందు ఒక చిన్న గడి కనిపిస్తుంది. ప్రయాణ బీమా కావాలా, వద్దా అని అడుగుతుంది. మనిషికి 45 పైసలు. అర్ధ రూపాయి కూడా కాదు కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. కానీ రైలు ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు, పూర్తి వైకల్యం వస్తే 10 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 7.5 లక్షల వరకు, ఆస్పత్రి ఖర్చులకు 2 లక్షల వరకు, మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి 10 వేలు, ఇవన్నీ ఆ గడిలోనే ఉన్నాయి.

ఆ గడి 2016 సెప్టెంబరు 1న వచ్చింది. అప్పుడు ధర 92 పైసలు. దాని పూర్వీకురాలు 1849లో ఇంగ్లండు రైల్వే టికెట్ కిటికీల దగ్గర ఒక పెన్నీకి అమ్ముడుపోయింది. ఇంకా వెనక్కి పోతే ఓడలు, బిడారులు, అడవి దారులు వస్తాయి. ఈ చరిత్ర తెలుసుకుంటే ఒక మేలుంది. పాలసీలో మనకు అర్థంలేనివిగా, చాదస్తంగా కనిపించే షరతులు ఊరికే పుట్టలేదని తెలుస్తుంది. సంతకం ఎందుకు అడుగుతారో, సంచి పోతే 21 రోజుల లెక్క ఎక్కడిదో, ముందునుంచీ ఉన్న జబ్బు దగ్గర ఎందుకు గీత గీస్తారో తెలిస్తే, ఏ కాగితం దాచుకోవాలో కూడా తెలుస్తుంది.

దారిలో పోయిన సొమ్ము ఎవరి నష్టం?

బాబిలోన్ రాజు హమ్మురాబీ శాసనాల్లో, అంటే క్రీ.పూ. 18వ శతాబ్దంలో, 103వ నియమం ఒకటుంది. షావుకారి దగ్గర సొమ్ము తీసుకుని వ్యాపారానికి దూరదేశం వెళ్లినవాణ్ణి దారిలో శత్రువులు దోచుకుంటే, వాడు దేవుడి మీద ప్రమాణం చేసి బాకీ నుంచి విడుదల కావచ్చు. అప్పటికి ప్రీమియం లేదు, పాలసీ లేదు. అయినా ప్రయాణ బీమాలోని అసలు ప్రశ్న అక్కడే ఉంది. దారి మింగేసిన సొమ్ము వెళ్లినవాడి నెత్తినా, పంపినవాడి నెత్తినా? క్లెయిమ్ ఫారం అడుగున ఈ రోజుకీ మనం సంతకం పెట్టే వాంగ్మూలం ఆ ప్రమాణానికి వారసురాలే.

గ్రీకులు దీన్ని ఒప్పందంగా రాసుకున్నారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు ఏథెన్స్‌లో డెమోస్తనీస్ అనే వక్త పేరుతో మిగిలిన ఒక కోర్టు ప్రసంగంలో అలాంటి ఒప్పందపత్రం మొత్తం ఉంది. అప్పు 3,000 డ్రాక్మాలు, అంటే ఆనాటి గ్రీకు నాణేలు. మెండే రేవు ద్రాక్షసారా 3,000 జాడీలు ఓడకెత్తి నల్ల సముద్రం వైపు వెళ్లి రావాలి. వడ్డీ వెయ్యికి 225. స్వాతి నక్షత్రం ఉదయించాక తిరుగు ప్రయాణం పెట్టుకుంటే మాత్రం వెయ్యికి 300. మనం స్వాతి అనేదీ, గ్రీకులు ఆర్కటూరస్ అన్నదీ ఒకే చుక్క. సెప్టెంబరు నడుమ అది తెల్లవారుజామున తూర్పున కనిపించిందంటే మధ్యధరా ప్రాంతంలో గాలివానల కాలం దగ్గరపడినట్టు. ఓడ మునిగితే అప్పు రద్దు. కాబట్టి వెయ్యికి ఆ అదనపు 75 డ్రాక్మాలు వడ్డీ కాదు, ప్రీమియం. తేదీని బట్టి, ముప్పును బట్టి ధర మారడం అప్పటికే ఉందన్నమాట.

ఆ కేసు కోర్టుకెందుకు ఎక్కిందో కూడా చెప్పాలి. 3,000 జాడీలు ఎక్కిస్తామన్నవాళ్లు 450 మాత్రమే ఎక్కించారనీ, తర్వాత ఓడ పగిలిపోయిందని చెప్పి చేతులు దులుపుకున్నారనీ ఆరోపణ. సరుకుల జాబితా, తూకం చీటీ, కొన్న రసీదు అని బీమా కంపెనీ ఈ రోజు వేధించినట్టు అనిపిస్తుంది కదా, ఆ వేధింపు మూలం అక్కడుంది.

మన దేశంలో కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇదే విషయాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసింది. నూరు పణాలకు, అంటే ఆనాటి నాణేలకు, నెలకు ఒకటింపావు పణం ధర్మమైన వడ్డీ. వ్యాపారానికైతే 5. అడవి దారిన పోయే వర్తకుడికి 10. సముద్రం మీద పోయేవాడికి 20. భూమి మీద వ్యాపారానికీ సముద్ర ప్రయాణానికీ మధ్య నాలుగు రెట్ల తేడా. ముప్పుకు అంకె వేయడం అంటే ఇదే.

తెలుగు నేల మీద దీనికి సంబంధించిన అసలు సిసలు సాక్ష్యం బాపట్ల జిల్లా మోటుపల్లిలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం. అంతకు ముందు రాజులు ఏం చేసేవారో శాసనమే చెబుతుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపేశాడు. ప్రాణం కన్నా ధనమే ముఖ్యమనుకుని సముద్రానికి తెగించి వచ్చిన వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని రాతి మీద చెక్కించాడు. సుంకం ముప్పయింట ఒక వంతు.

ఇది బీమా కాదు, అభయం. రెంటికీ తేడా చెప్పుకోవాలి. బీమా నష్టాన్ని పూడుస్తుంది; అభయం నష్టపోయినవాణ్ణి రెండోసారి దోచుకోకుండా ఆపుతుంది. కానీ ఒకటి లేకుండా రెండోది బతకదు. ఒడ్డుకు చేరిన సరుకు రాజు పాలవుతుందని తెలిస్తే ఆ రేవుకు అప్పిచ్చేవాడెవడు? తర్వాతి శతాబ్దాల్లో ఉత్తరాది వర్తకులు వాడిన జోఖ్మీ హుండీ కూడా ఈ కోవలోదే. హుండీ అంటే ఇక్కడ డబ్బు చెల్లించమని వర్తకులు రాసుకునే చీటీ. సరుకు క్షేమంగా చేరితేనే ఆ హుండీకి డబ్బు కట్టాలి, చేరకపోతే లేదు. హుండీ కొన్నవాడే ముప్పు మోసేవాడు. బీమా అన్న మాట కూడా పారశీకం నుంచి వచ్చింది. బీమ్ అంటే భయం. మనం దానికి ధీమా అని ప్రాస కలుపుకున్నాం గానీ, మాట పుట్టింది భయంలోంచే.

అప్పు నుంచి బీమాను విడదీసి, ముందుగా ప్రీమియం తీసుకుని నష్టం వస్తే చెల్లించే పద్ధతి ఇటలీ రేవుల్లో 14వ శతాబ్దంలో స్థిరపడింది. మనకు దొరికిన అతి పాత ఒప్పందాల్లో ఒకటి 1347 నాటి జెనోవాది. ఆ తర్వాత లండన్, ఓడల బీమా బేరాలు జరిగిన లాయిడ్స్ కాఫీ దుకాణం, అదంతా ఓడల కథ. అందులో బీమా సరుకుకు, ఓడకు. టికెట్టు కొనుక్కుని ఎక్కిన మామూలు మనిషి గురించి ఎవరూ ఆలోచించలేదు.

పెన్నీ టికెట్టు

ఆ ఆలోచన రైలు తెచ్చింది. ఇంగ్లండులో 1846 వరకు చట్టం ఎంత వింతగా ఉండేదంటే, ఒకడి నిర్లక్ష్యం వల్ల కాలు పోతే నష్టపరిహారం కోసం దావా వేయొచ్చు, ప్రాణం పోతే మాత్రం కుటుంబానికి ఆ హక్కు లేదు. మనిషితో పాటే దావా కూడా పోయినట్టు. రైలు ప్రమాదాలు పెరిగాక 1846లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చి కుటుంబానికి హక్కు ఇచ్చింది. మన దేశంలో బొంబాయి నుంచి ఠాణేకు మొదటి ప్రయాణికుల రైలు 1853లో నడిస్తే, అదే నమూనాలో మన ప్రాణాంతక ప్రమాదాల చట్టం రెండేళ్లకే, 1855లో వచ్చింది.

హక్కు వచ్చినా రైల్వే కంపెనీ తప్పును కోర్టులో రుజువు చేయాలి. దానికి వకీలు, ఖర్చు, ఏళ్లు. 1848లో లండన్‌లో మొదలైన రైల్వే ప్యాసింజర్స్ అష్యూరెన్స్ కంపెనీ ఈ చిక్కును పక్కకు తోసేసింది. తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. ప్రమాదం జరిగిందా, టికెట్టు ఉందా, అంతే. 1849 నుంచి రైలు టికెట్టుతో పాటే బీమా టికెట్టు అమ్మారు. మొదటి తరగతికి 3 పెన్నీలు కడితే 1,000 పౌండ్లు. రెండో తరగతికి 2 పెన్నీలకు 500. మూడో తరగతికి ఒక పెన్నీకి 200.

ఈ ధరల్ని కాస్త దగ్గరగా చూడండి. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. మొదటి తరగతివాడు కట్టిన ప్రతి పెన్నీకి 80,000 పెన్నీల రక్షణ. రెండో తరగతికి 60,000. మూడో తరగతివాడికి 48,000. అంటే పేదవాడికే బీమా ఖరీదు. మొదట్లో మూడో తరగతి పెట్టెలు చాలాచోట్ల పైకప్పు లేని బండ్లలా ఉండేవి, చెక్క బల్లలు, బలహీనమైన గోడలు. పట్టాలు తప్పితే ముందు విసిరేయబడేది వాళ్లే. ఇప్పుడు మన 45 పైసలకు అదే లెక్క కడితే 10 లక్షలంటే 22 లక్షల రెట్లకు పైనే. పైగా ఏసీ మొదటి తరగతికైనా స్లీపర్‌కైనా ధరా ఒకటే, మొత్తమూ ఒకటే. 1849తో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు, దీన్ని మెచ్చుకోవాలి.

ఇంగ్లండులో ఈ టికెట్టు చూసి వెళ్లిన జేమ్స్ బాటర్సన్ అనే రాతి వ్యాపారి అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1863లో ట్రావెలర్స్ కంపెనీకి అనుమతి తెచ్చుకున్నాడు. పోస్టాఫీసు దగ్గర కలిసిన ఒక బ్యాంకు ఉద్యోగికి, అక్కడి నుంచి ఇంటికి నడిచి వెళ్లే దూరానికి, 2 సెంట్లకు బీమా రాసిచ్చిన సంగతి ఆ కంపెనీ చరిత్రలో మొదటి పేజీ.

మన రైలు బీమాలో జనం నష్టపోయే చోట్లు మూడున్నాయి. మొదటిది, ఆన్‌లైన్‌లో కొన్న టికెట్లకే ఇది వర్తిస్తుంది. స్టేషన్ కౌంటర్లో కొన్న టికెట్టుకు లేదు, వెయిటింగ్ లిస్టులో మిగిలినదానికి లేదు. ఖరారైనదో, ఆర్ఏసీ అయినదో అయి ఉండాలి. రెండోది నామినీ. బుకింగ్ అయ్యాక బీమా కంపెనీ నుంచి మెసేజ్, మెయిల్ వస్తాయి, అందులోని లింకులో నామినీ వివరాలు నింపాలి. వదిలేస్తే క్లెయిమ్ పోదు గానీ, డబ్బు చట్టబద్ధమైన వారసులకు వెళ్లాలి కాబట్టి వారసత్వ పత్రాల కోసం కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఏజెంటు తన ఫోను నంబరుతో బుక్ చేస్తే ఆ మెసేజ్ ఏజెంటుకే పోతుంది. ప్రయాణికుడికి బీమా ఉన్న సంగతే తెలియదు. మూడోది అందరూ మరిచిపోయేది. ఈ బీమా ఉన్నా లేకున్నా, 1989 రైల్వే చట్టం 124, 124-ఎ సెక్షన్ల కింద పరిహారం వేరే ఉంది. 2017 జనవరి 1 నుంచి మరణానికి అది 8 లక్షలు. 124-ఎ కింద రైల్లోంచి ప్రమాదవశాత్తూ జారిపడటం కూడా వస్తుంది. ఆత్మహత్య, తనకు తాను చేసుకున్న గాయం, మత్తులో చేసిన పని, సహజమైన జబ్బు రావు. దీనికి దరఖాస్తు బీమా కంపెనీకి కాదు, రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు. సికింద్రాబాద్‌లో బెంచి ఉంది. గడువు ఏడాది. టికెట్టు దొరకడం ముఖ్యం కాబట్టి పోలీసు పంచనామాలో టికెట్టు వివరం రాశారో లేదో బంధువులు చూసుకోవాలి. కౌంటర్ టికెట్టుతో వెళ్లినవాళ్ల కుటుంబాలకు ఇదే ప్రధానమైన దారి.

నాణెం వేస్తే పాలసీ

విమానాల కాలం వచ్చాక ఇదే టికెట్టు ఆలోచన అమెరికా విమానాశ్రయాల్లో యంత్రంగా మారింది. పాతిక సెంట్ల నాణెం వేసి, పేరు రాస్తే పాలసీ బయటికొచ్చేది. అప్పటి ప్రయాణికులకు విమానమంటే భయం, కంపెనీలకు అది మంచి వ్యాపారం. కానీ ఈ యంత్రాలు ఒక పాత గుంతను మళ్లీ తెరిచాయి.

18వ శతాబ్దపు లండన్‌లో తమకు ఏ సంబంధమూ లేని ఓడల మీద, మనుషుల ప్రాణాల మీద పందెంలా బీమా కొనేవాళ్లు. దాన్ని ఆపడానికే 1745లో ఓడలకు, 1774లో ప్రాణాలకు చట్టాలు వచ్చాయి. ఎవరి మీద బీమా తీసుకుంటున్నావో వాళ్లు పోతే నీకు నిజమైన నష్టం ఉండాలి అన్నదే వాటి సారం. అయినా కేవలం చుట్టరికం ఉంటే సరిపోదని 20వ శతాబ్దం చూపించింది. 1949 సెప్టెంబరు 9న కెనడాలోని క్విబెక్ దగ్గర ఒక విమానం పేలి 23 మంది చనిపోయారు. భార్యకు 10,000 డాలర్ల బీమా తీసుకుని ఆ విమానంలో బాంబు పెట్టించింది భర్తే. 1955 నవంబరు 1న అమెరికాలోని కొలరాడోలో యునైటెడ్ 629 విమానం పేలి 44 మంది చనిపోయారు. తల్లి పెట్టెలో కొడుకు డైనమైట్ పెట్టాడు. విమానాశ్రయంలో ఆమె పేరున 37,500 డాలర్ల పాలసీ తీసుకున్నాడు. ఆ పాలసీ మీద తల్లి సంతకం లేదు. కాబట్టి అది చెల్లనే చెల్లదు. ఒక్క సంతకం నిబంధన తెలియని దురాశకు 44 ప్రాణాలు పోయాయి.

ఈ రోజు అమ్మానాన్నల పేరున పాలసీ తీసుకుంటుంటే ప్రపోజల్ ఫారం మీద వాళ్ల సంతకం, లేదా వాళ్ల ఫోనుకే వచ్చే ఓటీపీ అడిగితే విసుక్కోకండి.

అదే కాలంలో ఇంకో కొమ్మ పెరిగింది, విమాన సంస్థ బాధ్యత. 1929లో వార్సా ఒప్పందం ప్రయాణికుడి మరణానికి 1,25,000 బంగారు ఫ్రాంకుల పరిమితి పెట్టింది. సంస్థ తప్పు లేదని సంస్థే రుజువు చేసుకోవాలి, బదులుగా పరిమితి దాటి అడగకూడదు, ఇదీ బేరం. పసిబిడ్డలాంటి విమాన పరిశ్రమ ఒక్క ప్రమాదంతో మూతపడకూడదని ఆనాటి ఉద్దేశం. 1999 మాంట్రియల్ ఒప్పందం దాని స్థానంలో వచ్చింది, భారత్ 2009లో చేరింది. పరిమితులు ఎస్‌డీఆర్ అనే అంతర్జాతీయ లెక్కలో ఉంటాయి, ఐదేళ్లకోసారి సవరిస్తారు. 2024 డిసెంబరు 28 నుంచి సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా మనిషికి గరిష్ఠం 1,519 ఎస్‌డీఆర్, సుమారు 2,000 డాలర్లు.

సంచి రాలేదా? బెల్టు ఆగిపోగానే, బయటికి రాకముందే, ఆ విమాన సంస్థ బ్యాగేజీ కౌంటర్లో పీఐఆర్ అనే రిపోర్టు రాయించుకోవాలి. దాని మీద నంబరు ఉంటుంది. అది లేకపోతే సంచి మీ ఇంటి దాకా వచ్చి పోయిందో, దారిలో పోయిందో ఎవరూ తేల్చలేరు. పాడైన సంచికి రాతపూర్వక ఫిర్యాదు 7 రోజుల్లో. ఆలస్యంగా వచ్చినదానికి, చేతికి అందిన రోజు నుంచి 21 రోజుల్లో. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. కోర్టుకు వెళ్లే గడువు రెండేళ్లు. బోర్డింగ్ పాసు, సంచి ట్యాగు అంటించిన చిన్న చీటీ పారేయకండి. సంచిలో పెళ్లి పట్టుచీరలుంటే చెకిన్ దగ్గరే ప్రత్యేకంగా విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వీలు ఒప్పందంలోనే ఉంది. బంగారం మాత్రం చేతిసంచిలోనే ఉండాలి; బీమా పాలసీలు నగలను సాధారణంగా మినహాయిస్తాయి. పాలసీలోని సామాను ఆలస్యం కవరు వేరు. అది చాలా పాలసీల్లో 12 గంటలు దాటాకే మొదలవుతుంది, తిరిగొచ్చి ఇండియాలో దిగినప్పుడు వర్తించదు. కొన్న బ్రష్షు, బట్టల రసీదులు పెడితేనే డబ్బు.

డాలర్లలో బిల్లు

మన దేశంలో 1973 జనవరి 1న సాధారణ బీమా మొత్తం ప్రభుత్వపరం అయింది. 107 కంపెనీలు కలిసి నాలుగు అయ్యాయి. విదేశీ మారకం అప్పట్లో ఎంత కట్టుదిట్టమంటే, పరాయి దేశంలో జబ్బు చేస్తే ఆస్పత్రికి కట్టే డాలర్లు ఎక్కడివన్నది నిజమైన సమస్య. 1984లో వచ్చిన ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ ఈ ముడి విప్పింది. ఇక్కడ రూపాయల్లో ప్రీమియం కట్టాలి, అక్కడి ఆస్పత్రికి విదేశీ మారకంలో చెల్లింపు జరుగుతుంది. అమెరికా, కెనడాలను కలిపితే ఒక ధర, కలపకపోతే తక్కువ ధర అన్న విభజన నేటికీ పాలసీల్లో ఉంది. కారణం ఆ రెండు దేశాల్లో వైద్యం ఖర్చు. యూరప్ 2004 నుంచి షెంగెన్ వీసాకు, అంటే అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాకు, బీమాను తప్పనిసరి చేసింది. కనీసం 30,000 యూరోలు, అత్యవసర వైద్యం, స్వదేశానికి తరలింపు, మరణం కలిపి, షెంగెన్ దేశాలన్నిటికీ, ఉన్నన్ని రోజులకూ చెల్లాలి. ఆ 30,000 వీసాకు సరిపడే అంకె మాత్రమే, పెద్ద ఆపరేషన్‌కు సరిపడేది కాదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల విషయం కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

అక్కడి కంపెనీలు అమ్మే పాలసీలు రెండు రకాలు. ఒకదాంట్లో ప్రతి సేవకూ విడిగా పరిమితి ఉంటుంది, డాక్టరు చూపుకు ఇంత, ఎమర్జెన్సీకి ఇంత, గదికి రోజుకు ఇంత. రెండోదాంట్లో డిడక్టిబుల్, అంటే ముందు మనమే భరించాల్సిన మొత్తం, పోగా మిగతా బిల్లు మొత్తం మీద శాతం లెక్కన, పాలసీ గరిష్ఠం వరకు చెల్లిస్తారు. మొదటి రకం చవక, పైన లక్ష డాలర్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఉదాహరణకు ఎమర్జెన్సీ బిల్లు 4,000 డాలర్లు వచ్చి, పాలసీలో ఆ వరుసకు 400 అని ఉంటే, లక్ష సంగతి అటుంచి, చేతికొచ్చేది 400. కాబట్టి పైన అంకె కాదు, లోపలి పట్టిక చదవాలి. ఇండియాలో కొనే పాలసీల్లో కూడా 60 దాటినవారికి గది అద్దె, ఐసీయూ, సర్జన్ ఫీజులకు ఉప పరిమితులు పెట్టేవి చాలా ఉన్నాయి. ఉప పరిమితి లేనిది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోవడం మేలు.

ముందునుంచీ ఉన్న జబ్బు. బీపీ, షుగరు లేని అరవై దాటిన మనిషిని మన ఇళ్లలో వెతకాలి. చాలా పాలసీలు వాటికి మామూలు వైద్యాన్ని ఇవ్వవు. ప్రాణాపాయం తప్పించడానికి చేసే అత్యవసర చికిత్స వరకే, అదీ ఒక పరిమితి దాకా ఇస్తాయి. అమెరికా పాలసీల్లో దీన్ని హఠాత్తుగా, ముందస్తు సూచన లేకుండా వచ్చినదై, 24 గంటల్లోపు వైద్యం చేయించుకున్నదై ఉండాలంటారు, దానికి వయసు పరిమితి కూడా ఉంటుంది. రెండు రోజులు ఛాతీ నొప్పి ఓర్చుకుని, తగ్గుతుందిలే అనుకుని మూడో రోజు వెళ్తే ఆ షరతు తప్పినట్టే.

ప్రపోజల్ ఫారంలో బీపీ దాచిపెడితే ఎలా బయటపడుతుంది? ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగేది పాత జబ్బుల గురించే. భయంలో ఉన్న మనిషి నిజమే చెబుతాడు, చెప్పాలి కూడా. పదేళ్లుగా బీపీ, రోజూ ఒక మాత్ర అని రికార్డు మొదటి పేజీలో ఎక్కుతుంది. క్లెయిమ్ చూసేవారు ముందు చదివేది ఆ పేజీనే. ఫారంలో లేదని, రికార్డులో ఉందని తేలిందంటే గుండెకు సంబంధం లేని క్లెయిమ్ కూడా చిక్కులో పడుతుంది. దాచవద్దు.

ఆస్పత్రిలో చేరేముందు, కుదరకపోతే 24 గంటల్లోపు, పాలసీ మీద ఉన్న సహాయ నంబరుకు ఫోను చేసి కేసు నంబరు తీసుకోవాలి. అమెరికాలో బిల్లు ఒక్కటి రాదు. ఆస్పత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, ల్యాబుది, అంబులెన్సుది వేరు. అవి వారాల తర్వాత, తల్లిదండ్రులు ఇండియాకు తిరిగొచ్చాక కూడా పిల్లల చిరునామాకు వస్తూనే ఉంటాయి. బీమా కంపెనీకి కావలసినవి ఆస్పత్రి ఇచ్చే యూబీ-04 ఫారం, డాక్టర్ల నుంచి సీఎంఎస్-1500 ఫారం. కట్టాల్సిన మొత్తం చూపించే మామూలు స్టేట్‌మెంటు పంపితే వెనక్కి వస్తుంది. బిల్లింగ్ విభాగానికి ఫోను చేసి ఈ పేర్లతోనే అడగండి.

ఇంకో లెక్క. అమెరికాలో దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. మన పాలసీలు చాలావరకు 180 రోజులకు. నెలల్ని బట్టి ఆరు నెలలంటే 181 నుంచి 184 రోజులు అవుతుంది. ఆ చివరి ఒకటి నుంచి నాలుగు రోజులు బీమా లేకుండా గడిచిపోతాయి. పొడిగింపు కావాలంటే పాలసీ ముగియకముందే అడగాలి, ముగిశాక ఇవ్వరు.

పాలసీ ఎప్పుడు కొనాలన్నదానికి జవాబు 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం నేర్పింది. బూడిద మేఘంతో యూరప్ ఆకాశం మూతపడితే, బూడిద ప్రతికూల వాతావరణం కిందికి వస్తుందా రాదా అని కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కోలా చెప్పాయి. తర్వాత దాన్ని కొన్ని పాలసీల్లో పేరు పెట్టి చేర్చారు. కోవిడ్‌లో కూడా అంతే, మహమ్మారి మినహాయింపు చాలా పాలసీల్లో ముందే ఉంది. ఒక ఉపద్రవం లోకానికి తెలిసిపోయాక కొన్న పాలసీ దాన్ని కవరు చేయదు. బంగాళాఖాతంలో తుఫానుకు పేరు పెట్టాక విశాఖ ప్రయాణానికి బీమా కొంటే, ఆ తుఫాను వల్ల రద్దయిన విమానానికి డబ్బు అడగలేరు. టికెట్టు కొన్న రోజే పాలసీ కొనాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

గల్ఫ్ దారి

ప్రయాణ బీమా అంటే సెలవులకు వెళ్లేవారిది అనుకుంటాం. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి అది కూలికి సంబంధించిన విషయం. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావలసిన పాస్‌పోర్టు, ఉన్నవారు, ఎక్కువగా పదో తరగతి పాస్ కానివారు, నిర్ణయించిన దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైంది. 2017లో మార్చాక ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. ప్రమాదం పాలసీ ఉన్న కాలంలో జరిగి, 12 నెలల్లోపు మరణం సంభవించినా వర్తిస్తుంది.

ఇందులో పెద్ద ఖాళీ ఒకటుంది. 10 లక్షలు ప్రమాద మరణానికే. ఎండలో పనిచేసి, రాత్రి గదిలో పడుకున్నవాడు నిద్రలోనే గుండె ఆగి పోతే మరణ ధ్రువపత్రంలో సహజ మరణమని రాస్తారు, బీమా రాదు. 50 డిగ్రీలకు దగ్గరైన ఎండలో ఏళ్లపాటు పని చేసిన గుండెకు సహజం అన్న మాట వాడటం అన్యాయం. 1849 లండన్ కంపెనీ తప్పెవరిదన్న ప్రశ్నను తీసేసింది. ఇక్కడ ప్రమాదమా కాదా అన్న ప్రశ్న ఆ కుటుంబాల నెత్తిన ఇంకా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు మార్గదర్శకాలు తెచ్చింది. అది ప్రభుత్వ సాయం. బీమాలోని ఖాళీ అలాగే ఉంది.

రెండో ఖాళీ విజిట్ వీసా. ఏజెంటు ముందు విజిట్ వీసా మీద రా, అక్కడ మారుస్తానంటే, ఎమిగ్రేషన్ అనుమతి ఉండదు, అనుమతి లేకపోతే ఈ పాలసీ కూడా ఉండదు. మూడోది గడువు. మూడేళ్లకు మించి ఉండేవారు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకోవచ్చు, కానీ గుర్తుచేసేవాళ్లు లేక వదిలేస్తారు. నాలుగోది అన్నిటికన్నా తేలికగా సరిచేసుకోగలిగేది. పాలసీ కాగితం పెట్టెలో పెట్టుకుని మనిషి వెళ్లిపోతాడు, ఇంట్లోవాళ్లకు నంబరు తెలియదు. విమానం ఎక్కేముందు రెండు కాపీలు తీయించి, ఒకటి ఇంట్లో రేషన్ కార్డు ఉన్న సంచిలో పెట్టించాలి. ఫోటో తీసి భార్యకో, తమ్ముడికో వాట్సాప్‌లో పంపాలి. దాని మీద నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు పొడి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా అని ఏజెంటు ఆఫీసులో ఉండగానే చదివించుకోవాలి.